రాని మనిషి అన్నం

"కోటేశ్వరీ, మిషన్ బాగైంది. నీ రక్తం ఒకసారి వెయ్యి" అన్నారు బ్రహ్మానందం గారు, టీ తెప్పించమన్నంత తేలిగ్గా. నేనూ అంత తేలిగ్గానే తెల్లకోటు చెయ్యి మడిచి కూర్చున్నాను. నరసరావుపేటలో ఆయన ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి పదకొండేళ్ళయింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్షల మిషన్ మొరాయిస్తుంది. గుంటూరు నుంచి ఇంజనీరు ఆసిఫ్ వచ్చి బాగుచేస్తాడు. నిజంగా బాగైందో లేదో చూడ్డానికి నా రక్తం వేస్తాం. అసలైతే ఆ పనికి కంపెనీవాళ్ళు కంట్రోల్ అని ఒక చిన్న సీసా అమ్ముతారు. అందులో ఏది ఎంతుందో అట్ట మీదే అచ్చేసి ఉంటుంది, మిషన్ కూడా అంతే చూపిస్తే మిషన్ మంచిదన్నమాట. "మూత తీస్తే వారంలో పాడైపోద్ది, దండగ. మన కోటేశ్వరి ఉండగా సీసా ఎందుకయ్యా, ఆ పిల్లకి అన్నీ నార్మలే" అని నేను చేరిన ఏడాదే తేల్చేశారు సార్. అప్పటికి నాకు ముప్పై. ఆ మాటకి మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా. ఇంట్లో ఎవరూ నన్ను బాగున్నావని అన్న పాపాన పోలేదు మరి.

ఆరునెలల కింద చేరిన నిఖత్ నా రక్తం తీసింది. మొదట వేసేది ఎస్‌జీపీటీ. అది లివర్‌లో ఉండాల్సిన ఎంజైము, లివర్ దెబ్బతింటుంటే రక్తంలోకి కారుతుంది. నలభై లోపుంటే నార్మల్ అని మా రిపోర్టు కాగితం మీద అచ్చయి ఉంటుంది. తెర మీద డెబ్బై ఎనిమిది వచ్చింది.

"పోయింది. మళ్ళీ పోయింది మిషన్" అన్నారు సార్ తల పట్టుకుని. ఆయన నా వంక చూడలేదు. నేనూ చూసుకోలేదు. "కొత్త ల్యాంపు సరిగా కూర్చోలేదేమో చూడు ఆసిఫ్" అన్నాను పెద్ద తెలిసినదానిలాగా. ఆసిఫ్ మూత విప్పాడు, తుడిచాడు, బిగించాడు. రక్తంలో కలిపే రసాయనం, రీఏజెంటు, కొత్తది తీసి మళ్ళీ వేశాం. డెబ్బై ఏడు. సార్ గొంతు లేచింది. పొద్దుటి నుంచి నలభై మంది రక్తాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఇంత సర్వీసు ఛార్జీ తీసుకుని ఇదేనా పని అని కుర్రాణ్ణి నానా మాటలూ అన్నారు. ఆసిఫ్ తన సంచిలోంచి కంట్రోల్ సీసా తీశాడు. అట్ట మీద ఎంతుందో మిషన్ అంతే చూపించింది.

"మిషన్ ఓకే సార్" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్, మీరు ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి" అన్నాడు మెల్లగా.

సార్‌కి ఆ రెండో మాట వినపడిందో లేదో. "ఎందుకైనా మంచిది, నిఖత్, నీ చెయ్యివ్వమ్మా" అన్నారు. నిఖత్‌ది పద్దెనిమిది వచ్చింది. "హమ్మయ్య!" అని కుర్చీలో కూలబడి నవ్వారాయన. నా రక్తంలో అంతుందని తెలిసి రెండు నిమిషాలు కాలేదు, హమ్మయ్యట! "ఇక నుంచి నిఖత్‌ది వేద్దాంలే, రాసెయ్ పుస్తకంలో" అన్నారు. పదకొండేళ్ళుగా సర్వీసు పుస్తకం రాసేది నేనే. తేదీ వేసి, నిఖత్ 18, మిషన్ ఓకే అని రాశాను.

అందరూ పనుల్లో పడ్డాక ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాను. అన్నీ నా అంకెలే. 19, మిషన్ ఓకే. 22, మిషన్ ఓకే. 24, 26, 29, మిషన్ ఓకే. 33. 36. పోయిన ఏడాది 39, పక్కన సార్ చేత్తోనే ఒక టిక్కు. నలభై లోపే కదా! ఒక్కో అంకె విడిగా చూస్తే ఏ తప్పూ లేదు, వరసగా చూస్తే మెట్లెక్కుతున్నట్టు ఒక్కోటీ పైకి పోతోంది. ఊళ్ళోవాళ్ళ రిపోర్టుల్లో ఇంతకంటే చిన్న తేడా ఉన్నా వేలు పెట్టి చూపించి, డాక్టర్ గారికి చెప్పండి అనేదాన్ని. నా రక్తాన్ని నేనే పద్నాలుగుసార్లు నా చేత్తో రాసి, ఒక్కసారన్నా అది నాదని అనుకోలేదు. మిషన్‌దనుకున్నాను. సార్‌ని తిట్టుకుందామని కూర్చున్నదాన్ని, ముందు నన్ను నేను తిట్టుకున్నాను. మిగిలిన రక్తంతో మూడు నెలల సరాసరి షుగర్ కూడా వేసి చూశాను. ఆరు పాయింట్ రెండు. ఆరున్నర వస్తే షుగర్ జబ్బు. ఐదు పాయింట్ ఏడు దాటితే దారిలో ఉన్నట్టు.

ఇంటికొచ్చేసరికి మూడైంది. వంటింట్లో మూతల కింద నా భోజనం సిద్ధంగా ఉంది. సిద్ధంగా ఉందంటే ఎవరో వడ్డించి పెట్టారని కాదు, మిగిలిందని. అది చెప్పాలంటే మా అత్తయ్య కొలత గురించి చెప్పాలి. ఎడ్లపాడులో వ్యవసాయం చేసిన రోజుల నుంచీ బియ్యం కొలత అత్తయ్య ప్రమీలమ్మదే, వండేది ఎవరైనా సరే. డబ్బా నుంచి గ్లాసుతో కొలిచి, ఆఖర్న ఒక పెద్ద గుప్పెడు అదనంగా వేస్తుంది. "ఎవరన్నా వస్తే?" అంటుంది. అప్పట్లో వచ్చేవాళ్ళు. పత్తి తీసే కూలీలో, మిరపకాయల బేరానికొచ్చిన మనిషో, ఏదో ఒక చుట్టమో. పొలం కౌలుకిచ్చి పేటకొచ్చి పద్నాలుగేళ్ళయింది. ఇక్కడ ఫోను చేయకుండా పక్కింటివాళ్ళు కూడా రారు. గుప్పెడు మాత్రం పూటపూటా పడుతూనే ఉంది. పారేయడానికి లేదు. "పండించినోళ్ళం, అన్నం పారబోస్తామా?" అంటుంది అత్తయ్య. నిజమే, పారబోయకూడదు. అందుకని రాని మనిషి అన్నం ఇన్నేళ్ళుగా నేను తింటున్నాను.

పైగా నాలుగేళ్ళ కింద మా ఆయనకి షుగర్ వచ్చింది. ఆ రిపోర్టు కూడా నేనే ఇచ్చాను, ఆ మిషన్ మీదే. అత్తయ్య మూడు రోజులు ఏడ్చింది. ఆడపడుచు గుంటూరు నుంచి పరిగెత్తుకొచ్చి కొర్రలు, అండుకొర్రలు, జొన్నపిండి అన్నీ డబ్బాల్లో సర్ది, ఏది ఎంత పెట్టాలో నాకు పాఠం చెప్పి వెళ్ళింది. అప్పటి నుంచీ నాలుగున్నరకి లేస్తాను. ఆయనకి కొర్రన్నం, కాకరకాయో బీరకాయో నూనె తక్కువ కూర. అత్తయ్యకీ, పదో తరగతి చదివే మా లహరికీ తెల్లన్నం, ఇంకో కూర. ఆయన ఐదున్నరకి బూట్లేసుకుని స్టేడియంకి నడకకి పోతాడు. నేను ఆరున్నరకి ల్యాబుకి పోతాను. పరగడుపున రండి అని ఊరందరికీ చెప్పే నేను మూడింటి దాకా పరగడుపే, మధ్యలో నాలుగు టీలు, గ్లాసుకి రెండు చెంచాల చక్కెర. క్యారేజీ పట్టుకుపోతానని ఒకసారి అన్నాను. "మూడింటికల్లా ఇంటికొచ్చేదానివేగా, ఇంట్లో మిగిలింది ఉండనే ఉంటది, క్యారేజీ ఎందుకే?" అంది అత్తయ్య. మూడింటికి చల్లారిన తెల్లన్నం, అడుగంటిన కూర, పొద్దున ఎవరూ తినని ఉప్మా. రాత్రి మళ్ళీ అదే వరస. ఆయన చక్కెర పైకి పోకుండా ఆ ఇంట్లో తక్కెడ పెట్టి తూస్తున్నాం, తూకానికి మిగిలిందంతా నా పళ్ళెంలోకి వస్తోంది.

ఆ సాయంత్రం ఆయన పురుగుమందుల షాపు నుంచి రాగానే విషయం చెప్పాను. టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా విన్నాడు.

"లివరా? నీకెట్టా వచ్చిద్ది?" అని నవ్వాడు. "మాకు తెలియకుండా ఏమన్నా తాగుతున్నావా ఏంది?"

"తాగని వాళ్ళకీ వస్తుందండీ. కొవ్వు పడుతుంది. ఇలా పెరుగుతూ పోతే షుగర్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ."

"మీ మిషన్ తప్పు చూపించుంటది. ఆ ల్యాబు సంగతి నాకు తెలవదా?"

ప్రతి నెలా మొదటి సోమవారం నడక నుంచి వస్తూ మా ల్యాబులో రక్తమిచ్చి, ఎనిమిదింటికల్లా ఎంతొచ్చిందే అని ఫోను చేసే మనిషి ఆయన. నూట ముప్పై అని చెబితే మిషన్‌ని ఒక్కనాడూ అనుమానించలేదు. నాకు కోపమొచ్చింది. ఆ కోపాన్ని ఎప్పటిలాగే మింగాను, దానికీ అలవాటుపడ్డ పొట్టే కదా ఇది.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. "బయట చెప్పమాకే తల్లీ" అంది గొంతు తగ్గించి. "లివరంటే తాగుబోతుల జబ్బు అనుకుంటారు. మా ఇళ్ళల్లో ఆడోళ్ళకి ఎవురికీ లేదు. మీ పుట్టింటి నుంచే వచ్చుంటది." ఆవిడ కొడుక్కి షుగర్ వస్తే మాత్రం దిష్టి తగిలిందంది. నాదేమో పుట్టింటి జబ్బు!

రెండు రోజులాగి డాక్టర్ ఖదీజా గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రాసే పరీక్షలు చాలావరకు మా ల్యాబుకే వస్తాయి. రిపోర్టుతో పాటు, సర్వీసు పుస్తకంలోని అంకెలన్నీ వరసగా రాసిన కాగితం కూడా ఇచ్చాను. ఆవిడ వాటి మీద పెన్ను పెట్టి కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది.

"మందు తాగుతారా? అందరినీ అడుగుతాను, ఏమీ అనుకోకండి" అంది.

"లేదు మేడమ్."

"ఇంట్లో షుగర్ ఎవరికైనా ఉందా?"

"మా ఆయనకి."

"ఆయన ఏం తింటారు?"

గడగడా చెప్పాను. పొద్దున రెండు జొన్న ఇడ్లీలు, పదకొండింటికి ఒక జామకాయ, మధ్యాహ్నం కప్పు కొర్రన్నం, రెండు కప్పుల కూర, పలచటి మజ్జిగ, సాయంత్రం గుప్పెడు శనగలు. ఏ వారం ఏ కూరో కూడా చెప్పాను. ఆవిడ తలూపుతూ విని, "మరి మీరు?" అంది.

ఎంతసేపు ఆలోచించినా నా తిండికి ఒక పేరు దొరకలేదు. "మిగిలింది మేడమ్" అన్నాను చివరికి. అనగానే ఏడుపొచ్చింది. ఛీ, నలభై ఒక్కేళ్ళ మనిషిని, రోజుకి అరవై మందికి సూది గుచ్చేదాన్ని, అన్నం మాటకి ఏడవడమేంటి?

ఆవిడ తొందరపెట్టలేదు. తర్వాత మామూలుగానే చెప్పింది. లివర్‌లో కొవ్వు చేరింది. ఎంజైములు ఇన్నేళ్ళుగా ఆ సంగతే చెబుతున్నాయి, నార్మల్ గీత లోపల ఉన్నా పెరగడమే గుర్తు. ఇలాగే వదిలేస్తే ఇంకొన్నేళ్ళలో షుగర్ వచ్చే అవకాశమే ఎక్కువ. కానీ ఇంకా రాలేదు, వెనక్కి తిప్పొచ్చు. వేళకి కొలిచి తినాలి, రోజూ నడవాలి, బరువు తగ్గాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దామంది.

"ఏదన్నా మాత్ర రాయండి మేడమ్" అన్నాను.

"ఇప్పుడు మాత్ర అక్కర్లేదమ్మా. తిండీ, నడకే మందు."

"ఒక్కటన్నా రాయండి. బలానికో దేనికో." ఆవిడ అయోమయంగా చూసింది. ఆవిడకెలా చెప్పేది? మాత్రకి మా ఇంట్లో చోటుంది. అలమారలో ఆయన మాత్రలూ, అత్తయ్య మాత్రలూ ఉన్నాయి, వాటి పక్కన నాదొకటి పెడితే ఎవరూ కాదనరు. నాకు వేళకి అన్నం కావాలి, సాయంత్రం ముప్పావుగంట నాకోసం కావాలి అంటే ఆ ఇంట్లో దాన్ని పెట్టే అలమార లేదు. ఇదంతా చెప్పానో, సగమే చెప్పానో గుర్తు లేదు. ఆవిడ మందుల చీటీ దగ్గరికి లాక్కుని, అందరికీ అర్థమయ్యేటట్టు తెలుగులో పెద్దక్షరాలతో రాసింది. ఒంటిగంటకి భోజనం. కప్పు కొర్రన్నం, రెండు కప్పుల కూర. చక్కెర లేని టీ, రోజుకి రెండే. సాయంత్రం నలభై నిమిషాల నడక. ఆఖర్న, మిగిలినవి తినరాదు అని రాసి, కింద సంతకం పెట్టి స్టాంపు వేసింది.

ఇంట్లో ఆ చీటీ చేతులు మారింది. "ఇది కూడా మందేనా? దీనికి ఫీజొకటి!" అన్నాడు మా ఆయన. "నడక సాయంత్రమా? ఆ టైముకి నాకు టీ ఎవురిస్తారే?" అంది అత్తయ్య. లహరి చేత చీటీ మొత్తం చదివించుకుని, ఆఖరి వాక్యం దగ్గర ఆపింది. "అయితే మరి మిగిలింది ఎవురు తినాల?" ఆవిడ వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. నాకు జబ్బు రాబోతోందన్న దానికంటే గిన్నెలో అన్నం ఏం కావాలన్నదే ఆవిడకి పెద్ద చిక్కు.

ఆదివారం ల్యాబుకి సెలవు. ఒంటిగంటకి నాలుగు పళ్ళేలు పెట్టాను. ఆయనకీ నాకూ కొర్రన్నం, వాళ్ళిద్దరికీ తెల్లన్నం వడ్డించి, నేనూ కూర్చున్నాను. అత్తయ్య ముద్ద నోటి దగ్గర ఆపింది.

"ఏందే, అప్పుడే కూర్చున్నావు? మజ్జిగ ఎవురు పోస్తారు?"

"గిన్నె పక్కనే ఉందత్తయ్యా."

నా పక్కన లహరి లేచి మజ్జిగ గిన్నె అందుకుంది. వేడన్నం తిని ఎన్నాళ్ళయిందో, బెండకాయ వేపుడు కరకరలాడుతుందన్న సంగతే మర్చిపోయాను. మా ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ తిన్నాడు. నా కప్పు అన్నం అయిపోయింది, చెయ్యి కడుక్కుందామని లేవబోయాను.

"ఇదుగో, ఇది మిగిలింది" అంది అత్తయ్య తెల్లన్నం గిన్నె నా వైపు జరుపుతూ. అందులో గుప్పెడు బియ్యపు అన్నం, రాని మనిషిది, ఎప్పటిలాగే ఉంది.

"నాకు చాలత్తయ్యా."

"చాలంటే? పారబోస్తావా? చానా బాగుంది! పండించినోళ్ళం..."

"వద్దు, పారబోయొద్దు" అన్నాను. గిన్నె అందుకుని, గరిటెడు అన్నం తీసి మా ఆయన పళ్ళెంలో పెట్టబోయాను. అత్తయ్య ఎంగిలి చేత్తోనే నా మణికట్టు పట్టుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషికి అంత బలం ఎక్కడిదో!

"ఏమే, మతి పోయిందా నీకు? షుగరున్న మనిషికి తెల్లన్నం పెడతావా? వాణ్ణి చంపుతావా ఏంది?"

గరిటె అలాగే గాల్లో ఉంది. నాకు కోపం కూడా రాలేదు, స్పష్టంగానే అడిగాను.

"ఆయన్ని చంపే అన్నం ఇన్నేళ్ళు నాకెట్టా పెట్టారత్తయ్యా?"

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. మా ఆయన పళ్ళెంలోకే చూస్తూ, "ఇప్పుడా మాటలెందుకే" అన్నాడు. నేను గరిటెలోది గిన్నెలోనే పెట్టి, నా పళ్ళెం ఒక్కటే కడుక్కున్నాను. ఆ అన్నం సాయంత్రం దాకా బల్ల మీదే ఉంది. ఎవరూ తినలేదు, ఎవరూ పారబోయలేదు. ఐదున్నరకి నేను చెప్పులేసుకుని స్టేడియంకి వెళ్ళాను, తిరిగొచ్చేసరికి అత్తయ్య టీ పెట్టుకుని తాగుతోంది. నా వంక చూడలేదు.

సోమవారం తెల్లవారుజామున అత్తయ్య బియ్యం కొలుస్తుంటే పక్కనే నిలబడ్డాను. గ్లాసులు అయ్యాయి. అలవాటు చొప్పున గుప్పెడు తీసింది. గిన్నె మీద ఆ గుప్పెడు కాసేపు ఆగింది. "ఎవరన్నా వస్తే?" అంది, నాతో కాదు, తనలో తను. "వస్తే అప్పుడు వండి పెడతానత్తయ్యా" అన్నాను. ఆవిడ గుప్పెడు బియ్యాన్ని మళ్ళీ డబ్బాలో పోసి మూత పెట్టింది. అంతే. అర నిమిషం పట్టలేదు. ఇంత తేలికైన పనికి ఇన్నేళ్ళు నా పొట్టని గిన్నెగా వాడుకున్నారే అని, కాకరకాయలు తరుగుతూ చాలాసేపు ఏడ్చాను.

మిగతావన్నీ అంత తేలిగ్గా జరగలేదు. క్యారేజీ పట్టుకుపోతుంటే వీధిలోవాళ్ళకి వినపడేట్టు సణిగింది అత్తయ్య. నడకకి వెళ్తుంటే, ఈ వయసులో సోకులు అన్నాడు మా ఆయన, తనకి నలభై ఎనిమిదని మర్చిపోయి. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ రెండు వారాలూ ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో ఆయనకి తెలియదు.

మూడు నెలలకి మిషన్ మళ్ళీ ఆగింది. ఆసిఫ్ వచ్చి బాగుచేశాడు. ఆ రోజే నాకూ గడువు, అందుకని పొద్దున్నే రక్తం తీయించుకుని పక్కన పెట్టుకున్నాను. ఆసిఫ్ తన సీసాతో మిషన్ సరిచూశాక నాది వేశాం. యాభై రెండు. మూడు నెలల షుగర్ ఐదు పాయింట్ తొమ్మిది. ఇంకా దారిలోనే ఉన్నాను, కానీ వెనక్కి నడుస్తున్నాను.

బ్రహ్మానందం గారు భుజం మీంచి తొంగి చూశారు. "యాభై రెండుకొచ్చిందే! భేష్. ఇంకో పన్నెండు తగ్గిందంటే మళ్ళీ మిషన్‌కి నీదే వాడుకోవచ్చు కోటేశ్వరీ. అందాకా నిఖత్, నీ చెయ్యివ్వమ్మా, ఆసిఫ్ సీసా ఉన్నా మనదీ ఒకటి రాసుకుందాం" అన్నారు.

నిఖత్ అప్పుడే చెయ్యి చాపింది, ఒకప్పుడు నేను చాపినట్టే మురిసిపోతూ. నేను లేచి ఆ పిల్ల కోటు చెయ్యి కిందికి లాగి గుండీ పెట్టాను.

"సీసా తెప్పించండి సార్. నాది తగ్గితే నాకు తగ్గుద్ది."